గీత పైన హేతువు, గీత కింద నిగమనం

వేటకు వెళ్ళిన పడవలన్నీ తిరిగి రాలేదు.

గిలకలదిండి రేవులో ఎవరైనా ఈ మాట అంటే ఏమని అర్థం చేసుకోవాలి? ఒక్క పడవా రాలేదనా, కొన్ని వచ్చి కొన్ని రాలేదనా? రేవులో ఉన్నవాడికి చిక్కు లేదు. చెప్పేవాడి గొంతు, ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళ మొహాలు, లంగరేసిన పడవల లెక్క చూస్తే సంగతి తెలిసిపోతుంది. అదే వాక్యం ఓ పరిశోధన వ్యాసంలో పడితే ఈ ఆధారాలేవీ ఉండవు. చదివేవాడికి దక్కేది అక్షరాల వరుస ఒక్కటే.

తర్కశాస్త్రం ఈ రెండు అర్థాలనూ విడదీసి రాస్తుంది. పడవను ‘ప’ అందాం. ‘ర(ప)’ అంటే ‘ప తిరిగి వచ్చింది’ అని. ∀ అంటే ‘ప్రతి’, ¬ అంటే ‘కాదు’.

¬∀ప ర(ప)

∀ప ¬ర(ప)

మొదటి పంక్తి, ప్రతి పడవా వచ్చిందన్న మాట నిజం కాదంటుంది. ఒక్కటి రాకపోయినా చాలు. రెండో పంక్తి, ఏ పడవను తీసుకున్నా అది రాలేదంటుంది. గుర్తులు అవే, ¬ మాత్రం కాస్త కుడికి జరిగింది. ఆ జరగడంలోనే ఊరి సంగతంతా ఉంది. ఇలాగే ‘ప్రతి పడవకూ ఒక సరంగు ఉన్నాడు’ అన్నప్పుడు ఎవరి సరంగు వాళ్ళకున్నాడా, అన్నిటికీ కలిపి ఒకే సరంగా అన్నది, ∀ ముందు వచ్చిందా ∃ ముందు వచ్చిందా అన్న దాన్నిబట్టి తేలుతుంది. ∃ అంటే ‘ఉంది, ఉన్నాడు’.

చోటు మారితే అర్థం మారే రాత ఇది. కాబట్టి తర్కాన్ని అచ్చు వేయడం నగిషీ పనిగా మిగలదు. గుర్తుల మధ్య ఖాళీ, గీత పొడవు, పంక్తి ఎక్కడ విరిగింది అన్నవన్నీ నిరూపణలో భాగాలే. కృష్ణా డెల్టా చివరి ఊళ్ళలో, బందరు కోనేరు సెంటర్లోనో గుడివాడ నెహ్రూ చౌక్‌లోనో డీటీపీ బల్ల ముందు కూర్చుని ప్రాజెక్టు రిపోర్టు కొట్టించుకునే విద్యార్థికి ఇది ఎవరూ చెప్పరు. ఆ బల్లమీద జరిగే పొరపాట్లు మాత్రం చాలావరకు ఇక్కణ్ణుంచే పుడతాయి.

మన పాత తార్కికులు గుర్తుల జోలికి పోలేదు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ సంస్కృత విద్యార్థికి తొలి తర్క పాఠ్యం. అందులో అనుమానానికి అయిదు అంగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుందని ముందే చెప్పి, పొగను హేతువుగా చూపి, వంటింటిని ఉదాహరణగా తెచ్చి, దాన్ని ఈ కొండకు వర్తింపజేసి, చివరికి మళ్ళీ నిప్పు దగ్గరకే వస్తారు. ఇది నోటితో వాదించడానికి కట్టిన క్రమం. దీన్ని నిలబెట్టేది వాక్యాల వరుసే. మన హైస్కూలు రేఖాగణితం పుస్తకాల్లో దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని పక్క శీర్షికలు పెట్టి సిద్ధాంతాన్ని ముక్కలు చేసే పద్ధతి చూసినప్పుడల్లా నాకు ఈ అయిదంగాలే గుర్తొస్తాయి, రెంటికీ చుట్టరికం లేకపోయినా.

గుర్తులతో రాయాలన్న పట్టుదల జర్మనీలో మొదలైంది. ఇక్కడ తెలుగువాళ్ళకు సరదా పుట్టించే సంగతొకటుంది. తెలుగు లిపి అచ్చులో తొలిసారి కనబడ్డ ఊళ్ళలో జర్మనీలోని హాలె ఒకటి. బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1746, 1747ల్లో అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. నూటముప్పై ఏళ్ళ తర్వాత, 1879లో, అదే హాలెలో గొట్‌లోబ్ ఫ్రేగె రాసిన ‘బెగ్రిఫ్‌ష్రిఫ్ట్’ వెలువడింది. నేటి గణిత తర్కానికి పునాది ఆ సన్నని పుస్తకమే. ఫ్రేగె తర్కాన్ని పంక్తుల్లో రాయలేదు, గీశాడు. ‘ఇలా అయితే అలా’ అనే వాక్యంలో ‘అలా’ పై వరుసలో ఉంటుంది, ‘ఇలా’ దాని కింద వేలాడుతుంది, రెంటినీ అడ్డగీతలూ నిలువుగీతలూ కలుపుతాయి. ‘కాదు’ అనాలంటే అడ్డగీతకు కింద చిన్న నిలువు గాటు. పేజీ తిరగేస్తే లెక్కల పుస్తకంలా కాక ఏదో వైరింగు పటంలా కనబడుతుంది.

కంపోజిటర్లు ఎంత తిట్టుకున్నారో ఊహించవచ్చు. ఎర్న్‌స్ట్ ష్రోడర్ అనే తార్కికుడు సమీక్షలో, ఇది జపాన్‌వాళ్ళలా పై నుంచి కిందికి రాసే వ్యవహారమనీ, కాగితం దండగనీ ఎత్తిపొడిచాడు. అక్షరాలు కూర్చేవాడి సుఖమే అన్నిటికన్నా పెద్ద విలువ కాదన్నది తర్వాతి కాలంలో ఫ్రేగె ఇచ్చిన జవాబు. మాట నిజమే. కానీ 1903లో తన పెద్ద గ్రంథం రెండో సంపుటాన్ని సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవలసి వచ్చింది. ఆయన గీతల రాతలో నేటికీ నిత్యం వాడుకలో మిగిలింది ⊢ ఒక్కటే. అది ‘దీన్నుంచి ఇది నిరూపితమవుతుంది’ అనే గుర్తు.

ఇటలీలో జుసెప్పె పియానో దారి వేరు. గుర్తులన్నీ ఒకే పంక్తిలో, మామూలు అక్షరాల పక్కన కూర్చోవాలన్నాడు. ∈, ∃ ఆయన పెట్టినవే. ప్రెస్సువాళ్ళతో వేగలేక 1898లో ఏకంగా ఒక అచ్చుయంత్రం కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ పంక్తి రాతనే తీసుకుని వైట్‌హెడ్, రసెల్ 1910, 1913 మధ్య ‘ప్రిన్కిపియా మాథెమాటికా’ మూడు సంపుటాలు తెచ్చారు. అచ్చు వేస్తే 600 పౌన్లు నష్టమని కేంబ్రిడ్జి ప్రెస్సు లెక్కగట్టింది. అందులో 300 తాను భరిస్తానంది, రాయల్ సొసైటీ 200 ఇచ్చింది, మిగిలిన నూరు రచయితలిద్దరూ చెరి 50 వేసుకున్నారు. పదేళ్ళ కష్టానికి దక్కిన ప్రతిఫలం అది, ఎదురు చెల్లింపు.

ఆ కాలానికి బందరులోనూ సీసపు అక్షరాలు జోరుగానే కదులుతున్నాయి. కృష్ణాపత్రిక 1902లో మొదలైంది ఇక్కడే. తెలుగు కంపోజిటరు ముందున్న కేసులో గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల అచ్చులుండేవి. ఇంగ్లీషు కంపోజిటరుకు ఆ బాధ లేదు. తెలుగు వరుసను కూర్చడం అంటేనే పైనా కిందా ముక్కలు అతకడం కాబట్టి, భిన్నాలూ ఘాతాంకాలూ అతకడం మనవాళ్ళకు మరీ కొత్త విద్య అయి ఉండదని నా అభిప్రాయం.

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది, 1977, ఈ కథలో కూడా మలుపు. ఆ మార్చిలో స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ కనూత్ చేతికి తన పుస్తకం రెండో ముద్రణ ప్రూఫులు వచ్చాయి. సీసపు అచ్చు పోయి ఫొటో అచ్చు వచ్చిన కాలం అది. సూత్రాలు చూసి ఆయనకు కడుపులో తిప్పినంత పనైంది. పుస్తకం పక్కన పెట్టి, అచ్చుకూర్పు కోసం సొంతంగా ఒక ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నాడు. దాని పేరు టెక్. ఏడాదిలో ముగుస్తుందనుకున్న పని పదేళ్ళదాకా సాగింది. దానిపైన లెస్లీ లాంపోర్ట్ 1980లలో కట్టినదే లాటెక్; ఇవాళ ప్రపంచంలో గణితం, తర్కం, కంప్యూటర్ సైన్సు వ్యాసాలు అత్యధికం అందులోనే తయారవుతాయి. బందరులో 2008లో వెలిసిన కృష్ణా విశ్వవిద్యాలయంలో లెక్కల పరిశోధన చేసే విద్యార్థి అయినా, తన వ్యాసాన్ని విదేశీ పత్రికకు పంపాలంటే దీన్ని నేర్చుకోక తప్పదు.

టెక్ గొప్పతనం అందమైన అక్షరాల్లో కన్నా ఖాళీల్లో ఉంది. సూత్రంలోని ప్రతి గుర్తునూ అది ఎనిమిది తరగతుల్లో ఒకదాంట్లో వేస్తుంది. ‘మరియు’ అనే ∧, ‘లేదా’ అనే ∨ రెండు వస్తువుల్ని జోడించేవి. ‘అయితే’ అనే →, ⊢ సంబంధం చెప్పేవి. ¬, ∀ మామూలు అక్షరాలతో సమానం, వాటి చుట్టూ అదనపు ఖాళీ ఉండదు; తమ పక్కనున్న దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. జోడించే గుర్తుకు అటూ ఇటూ ఎమ్ (అక్షరం సైజంత కొలత) వెడల్పులో 18 వంతులకు 4 వంతుల ఖాళీ, సంబంధం చెప్పే గుర్తుకు 5 వంతులు. పది పాయింట్ల అక్షరంలో ఈ రెండు ఖాళీల మధ్య తేడా మిల్లీమీటరులో అయిదో వంతు. కంటితో పట్టి చెప్పలేం. కానీ ‘ఎ ∧ బి → సి’ అన్నప్పుడు ‘ఎ’, ‘బి’ ముందు కలుస్తాయి, ఆ తర్వాతే బాణం వర్తిస్తుంది అన్న సంగతి కుండలీకరణాలు లేకుండానే కంటికి అందేది ఆ తేడావల్లే.

పంక్తి చివర సూత్రం విరగవలసి వస్తే ఎక్కడ విరగాలి? టెక్ దీనికి జరిమానాలు పెట్టింది. → లాంటి గుర్తు తర్వాత విరిగితే 500, ∧ లాంటిదాని తర్వాత విరిగితే 700. పది వేలంటే అసలు విరవకూడదని. అంటే ప్రోగ్రాం వీలైనంతవరకు ‘అయితే’ దగ్గర ఆగాలని చూస్తుంది, ‘మరియు’ దగ్గర కాదు. బిగ్గరగా చదివే మంచి ఉపాధ్యాయుడు కూడా అక్కడే ఊపిరి తీసుకుంటాడు. వర్డ్‌లో టైపు చేసి ఖాళీలు స్పేస్‌బార్‌తో పెట్టేవాడికి ఈ సాయం ఉండదు.

ఇక డీటీపీ బల్ల దగ్గరకొద్దాం. యూనికోడ్‌కు ముందు కాలంలో తర్కపు గుర్తులన్నిటికీ దిక్కు ‘సింబల్’ అనే ఫాంటు. అది చేసిన పని ఒక కనికట్టు. లోపల నిల్వ ఉండేది మామూలు కీబోర్డు అక్షరమే. ఫాంటు దానికి వేరే బొమ్మ తొడిగేది. ∀ బొమ్మ ఉన్న గదిలో అసలు ఉన్నది కొటేషన్ గుర్తు. ∃ గదిలో డాలర్. ‘కాబట్టి’ అని మనం పెట్టే మూడు చుక్కల ∴ గదిలో బ్యాక్‌స్లాష్. → ఉన్నచోట రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ గుర్తు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటరుకు పట్టుకెళ్ళి, అక్కడ ఫాంటు మారిందంటే తొడుగు ఊడిపోతుంది. ‘ఒక సరంగు ఉన్నాడు’ అన్నది డాలర్లవుతుంది. ‘ఇలా అయితే అలా’ అన్నచోట ట్రేడ్‌మార్క్ వెలుస్తుంది.

ఇవి నవ్వు పుట్టిస్తాయి, దొరికిపోతాయి కాబట్టి ప్రమాదం లేదు. అసలు ప్రమాదం ¬ తోనే. సింబల్ ఫాంటులో దాని గదిలో ఉన్నది సున్న మీద ఏటవాలు గీత పడిన ఒక యూరపు అక్షరం. తొడుగు ఊడితే బయటపడే ఆ అక్షరం అచ్చం శూన్యసమితి గుర్తులా ఉంటుంది. సమితులూ ప్రవచనాలూ కలిసి ఉన్న పేజీలో అది తప్పని ఎవరికీ తట్టదు. మన పాత పదో తరగతి లెక్కల పుస్తకం మొదటి పాఠం పేరు చూడండి: ‘ప్రవచనాలు – సమితులు’. ఈ పొరపాటుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు.

యూనికోడ్ ఈ కనికట్టును ఆపింది. 1991లో వచ్చిన తొలి రూపంలోనే తెలుగుకు 128 గళ్ళ పేట కేటాయించారు. గణిత క్రియల గుర్తులకు 256 గళ్ళ పేట వేరే ఉంది, అందులో మొట్టమొదటి గడి ∀ దే. ఇప్పుడు ∀ ఎక్కడికి వెళ్ళినా ∀ గానే ఉంటుంది, ఫాంటులో దాని బొమ్మ ఉంటే. లేకపోతే ఖాళీ పెట్టె □ కనబడుతుంది. దీనిలోనూ ఒక తిరకాసుంది: మోడల్ లాజిక్‌లో □ కు ‘తప్పనిసరిగా’ అని అర్థం. ఆ శాఖలో పనిచేసేవాడి వ్యాసంలో ఫాంటు లోపం ఒక సిద్ధాంతంలా చెలామణీ కావచ్చు.

తెలుగు ఫాంట్ల దగ్గర ఈ కృష్ణా సీమకు కాస్త వాటా ఉంది. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఒకటి ‘మండలి’. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మంత్రి, అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు దానికి పెట్టారు. ఇంకొకటి ‘ఎన్టీఆర్’, ఆయనది గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరు. (ఒక జిల్లా ఆయన పేరు పెట్టుకుంది గానీ ఆయన ఊరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఫాంటుకు ఆ ఇబ్బంది లేదు.) ఎవరైనా దించుకుని, పుస్తకంలోనైనా వెబ్‌లోనైనా పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు.

టెక్‌లో తెలుగు అంతకుముందు నుంచే ఉంది. 1990ల మొదట్లోనే అమెరికాలోని తెలుగువాళ్ళు కనూత్ ఇచ్చిన మెటాఫాంట్‌తో తెలుగు అక్షరాలు గీసి టెక్‌లో కూర్చారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగును కొట్టే పద్ధతి, ఆ రోజుల్లోదే. 2004లో జొనాథన్ క్యూ తయారుచేసిన జీటెక్ వచ్చాక యూనికోడ్ తెలుగును నేరుగా టైపు చేసి, కంప్యూటరులో ఉన్న ఏ ఫాంటునైనా పిలిచే వీలు కలిగింది.

అయితే తెలుగు ఫాంట్లలో ⊢, ∀ లాంటివి సాధారణంగా ఉండవు. అవి వేరే గణిత ఫాంటు నుంచి రావాలి. ఒక వాక్యంలో రెండు ఫాంట్లు పక్కపక్కన కూర్చోవాలి. పెడనలో కలంకారీ వేసేవాళ్ళు ముందు గీత అచ్చు వేసి, ఆపైన రంగు నింపే అచ్చు వేస్తారు. రెండో అచ్చు వెంట్రుకవాసి జరిగితే ఆకు ఒకచోట, ఆకుపచ్చ మరోచోట. ఇక్కడా పని అదే. గణిత ఫాంటుకు నడుమన ఒక ఊహాగీత ఉంటుంది, బాణమూ భిన్నపు గీతా ఆ ఎత్తులోనే నిలుస్తాయి. ఇంగ్లీషు చిన్న అక్షరాల నడుమను దృష్టిలో పెట్టుకుని పెట్టిన ఎత్తు అది. తెలుగు అక్షరం గుండ్రని పొట్టా, పైన తలకట్టూ, కింద వత్తూ కలిసిన వేరే ఒడ్డూపొడుగూ గలది. రెంటినీ ఒకే పాయింటు సైజులో పెడితే బాణం తెలుగు అక్షరానికి నడుం మీద కాక మెడ దగ్గరో మోకాలి దగ్గరో తగులుతుంది. గణిత ఫాంటును కొద్దిశాతం పెంచో తగ్గించో సరిచూసుకోవడం తప్ప దగ్గర దారి లేదు.

పైన నేను ‘ప’, ‘ర’ అని రాశాను. మన తెలుగు మీడియం లెక్కల పుస్తకాల్లో మాత్రం చరరాశులకు ఇంగ్లీషు అక్షరాలే వాడతారు. భాషాభిమానంతో దీన్ని తప్పుపట్టేవాళ్ళున్నారు. నేను పట్టను. ఇంగ్లీషు గణితంలో చరరాశిని వాలుగా, ఇటాలిక్‌లో వేస్తారు. చుట్టూ ఉన్న నిలువు అక్షరాల నుంచి అది విడిగా తెలుస్తుంది. తెలుగుకు అలాంటి వాలు అచ్చు సంప్రదాయం లేదు. కంప్యూటరు బలవంతంగా వంచిన తెలుగు అక్షరం చూడ్డానికి బాగుండదు. మామూలుగా వేస్తే ‘ప’ వాక్యంలో కలిసిపోతుంది. దీనికి తోడు తలకట్టు చూడబోతే ∨ లా ఉంటుంది, సున్న చూడబోతే 0 లానూ ప్రమేయాల సంయోజనాన్ని చెప్పే చిన్న వలయంలానూ ఉంటుంది. తెలుగు వాక్యంలో పరాయి అక్షరం పరాయిదిగా కనబడడమే ఇక్కడ మేలు.

నిరూపణలను పేజీ మీద పరచడంలో రెండు సంప్రదాయాలున్నాయి. మొదటిది గెర్హార్డ్ గెంట్‌జెన్ 1934, 1935ల్లో ఇచ్చిన చెట్టు. ∀ గుర్తు కూడా ఆయనదే. హేతువులు పైన, వాటి కింద ఒక అడ్డగీత, గీత కింద నిగమనం, గీత పక్కన ఏ నియమం వాడామో దాని పేరు. ఆ నిగమనం మళ్ళీ మరో గీతకు పై హేతువు. మొదలు అడుగున, కొమ్మలు పైకి. దీన్ని లాటెక్‌లో కూర్చడానికి తర్కశాస్త్రవేత్త శామ్ బస్ రాసిన బస్‌ప్రూఫ్స్ ప్యాకేజీ ఉంది. అందులో ఆకులను ముందు చెప్పి, తర్వాత వాటిని కలిపే గీతను చెప్పాలి. చెట్టును కొసల నుంచి మొదలు పెట్టి అల్లాలన్నమాట. మొదటిసారి చేసేవాళ్ళకు ఇది తలకిందుల వ్యవహారంగా ఉంటుంది, కానీ నిరూపణ నిజంగా సాగేది ఆ వరుసలోనే.

చెట్టుకు శత్రువు కాగితం వెడల్పు. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లు. బైండింగు కోసం ఎడమవైపు అంగుళంన్నర, కుడివైపు అంగుళం వదిలితే మిగిలేది 147. ప్రతి నిగమనానికీ రెండేసి హేతువులుంటే, నాలుగు మెట్లు ఎక్కేసరికి 16 ఆకులు, ఒక్కోదానికి 9 మిల్లీమీటర్లు. అయిదో మెట్టుకు 32 ఆకులు, ఒక్కోదానికి నాలుగున్నర. అందులో ఒక సూత్రం పట్టదు. అక్షరం సైజు తగ్గించి ఇరికించేవాళ్ళు చాలామంది, చదివేవాడి కళ్ళ మీద జాలి లేకుండా. పేజీని అడ్డంగా తిప్పడం దానికన్నా నయం. అన్నిటికన్నా మంచిది పెద్ద కొమ్మను కోసి, దానికో పేరు పెట్టి, ముందే వేరే చెట్టుగా నిరూపించి, అసలు చెట్టులో ఆ పేరు మాత్రం రాయడం.

తెలుగు మాటలతో ఇలాంటి చెట్టు వేస్తే మరో చిక్కు. ‘ఉప్పెన వస్తుంది’ అన్న హేతువుకు వత్తులు కిందికి దిగుతాయి, పక్కనున్న ‘గాలి మారింది’ కి దిగవు. గీత వత్తును తాకితే అది కొట్టివేతలా ఉంటుంది. అందుకే ప్రతి హేతువులోనూ స్ట్రట్ అనే కంటికి కనబడని నిలువు కడ్డీ ఒకటి పెడతారు. దానికి వెడల్పు ఉండదు, ఎత్తూ లోతూ మాత్రం ఉంటాయి. వత్తు ఉన్నా లేకపోయినా గీత ఒకే దూరంలో నిలుస్తుంది.

రెండో సంప్రదాయం నిలువుది. యాష్కోవ్‌స్కీ అనే పోలండు తార్కికుడు 1934లో ఊహలను పెట్టెల్లో పెట్టి చూపాడు. అమెరికాలో ఫ్రెడరిక్ ఫిచ్ 1952 నాటి పాఠ్యపుస్తకంలో పెట్టెకు బదులు పక్కన నిలువు గీత గీశాడు. తుపాను హెచ్చరిక మీద ఒక చిన్న ఉదాహరణ:

1. పదో నంబరు హెచ్చరిక ఎగరేసి ఉంటే పడవలు వేటకు వెళ్ళి ఉండవు. (దత్తం)

2. పడవలు వేటకు వెళ్ళాయి. (దత్తం)

3. │ పదో నంబరు ఎగరేశారనుకుందాం. (ఊహ)

4. │ అయితే పడవలు వేటకు వెళ్ళలేదు. (1, 3 నుంచి)

5. │ 2కూ 4కూ పొసగదు.

6. కాబట్టి పదో నంబరు ఎగరేయలేదు. (3 నుంచి 5 వరకు)

3, 4, 5 పంక్తుల పక్కనున్న నిలువు గీతను చూడండి. ఆ గీత ఉన్నంతవరకు మనం ఒక ఊహ లోపల ఉన్నాం. గీత ఆగిన చోట ఊహను వదిలేశాం. నాలుగో పంక్తి ఊహలో నిజం, బయట కాదు. గీత ఒక్క పంక్తి పొడుగైతే ఆరో పంక్తి కూడా ఊహలో చిక్కుకుని, అసలేదీ నిరూపితం కాకుండా పోతుంది. ఒక్క పంక్తి పొట్టిదైతే, పొసగదన్న మాట ఊహ బయట పడుతుంది. అంటే దత్తాంశాలే ఒకదాన్నొకటి కొట్టుకున్నాయని చెప్పినట్టు. మాట ఒక్కటీ మారకపోయినా నిరూపణ చచ్చిపోతుంది. ట్యాబ్ కీతో పంక్తులు జరిపి, నిలువు గీతను బొమ్మగా అతికిస్తే, పై పేరాలో ఒక మాట చేర్చగానే ఆ బొమ్మ జారిపోతుంది. లాటెక్‌లో ఊహను తెరిచి మూసే ఆదేశాలుంటాయి. గీత పొడవు వాటినుంచే వస్తుంది.

రెంటిలో నా ఓటు, తెలుగు పాఠానికైతే, ఫిచ్‌కే. చెట్టులో హేతువులు పక్కపక్కన ఇరుక్కోవాలి. తెలుగు మాటలు సంధులూ విభక్తులూ కలుపుకుని పొడుగ్గా సాగుతాయి, వాటికి పంక్తి మొత్తం కావాలి. పైగా ‘ఎగరేసి ఉంటే... వెళ్ళి ఉండవు’ అని షరతు ముందు, ఫలితం వెనక చెప్పడం తెలుగుకు సహజం. పంక్తి నిరూపణ అదే దిక్కుకు నడుస్తుంది. చెట్టు గుర్తులకు బాగుంటుంది, నియమాల గురించి నియమాలు చెప్పే పై స్థాయి పనికి అదే సరి.

నిరూపణ ముగిసిందనడానికి మన స్కూళ్ళలో ‘నిరూపించబడింది’ అనో, లెక్కల మాస్టారి నోట ‘హెన్స్ ప్రూవ్డ్’ అనో వినేవాళ్ళం. అచ్చులో ఇప్పుడు చిన్న నల్ల దిమ్మ ∎ వేస్తున్నారు. పాల్ హాల్మోస్ అనే గణితవేత్త దీన్ని సాధారణ పత్రికల నుంచి తెచ్చాడు. వ్యాసం అయిపోయిందనడానికి అక్కడ ఇలాంటి గుర్తు పెట్టేవారు. లాటెక్ ఇలాంటి ముగింపు గుర్తును ఆఖరి పంక్తి కుడి చివర తనంతట తానే పెడుతుంది. కానీ ఇంగ్లీషు నిరూపణ తరచు పేజీ మధ్యలో విడిగా నిలిపిన సూత్రంతో ముగుస్తుంది, అప్పుడు దిమ్మ కూర్చోవడానికి పంక్తి లేక కింద ఒంటరిగా పడుతుంది. ఆ ఇబ్బంది తీర్చడానికి ‘క్యూఈడీహియర్’ అని ప్రత్యేకంగా ఒక ఆదేశం తయారుచేశారు.

తెలుగులో దానితో పెద్దగా పనిలేదు. సూత్రం మధ్యలో నిలబడ్డాక కూడా మన వాక్యం ముగియదు. ‘అవుతుంది’ అనో ‘అని తేలింది’ అనో క్రియ కింది పంక్తిలోకి వస్తుంది, దిమ్మ దాని సరసన కూర్చుంటుంది. కాకపోతే వేరే ప్రమాదం ఒకటి కాచుకుని ఉంటుంది. విడి సూత్రానికి ముందు పేజీ విరగకూడదని టెక్ పది వేల జరిమానా పెట్టింది. సూత్రం తర్వాత విరగడానికి పెట్టిన జరిమానా సున్న. వాక్యం సూత్రంతోనే అయిపోతుందన్న ఇంగ్లీషు లెక్క అది. తెలుగులో అలా వదిలేస్తే సూత్రం ఈ పేజీ అడుగున ఆగి, ‘అవుతుంది ∎’ అన్న ఒక్క ముక్క పక్క పేజీ నెత్తిన తేలే వీలుంది. ఫైలు మొదట్లో ‘పోస్ట్‌డిస్‌ప్లేపెనాల్టీ’ అన్న విలువను సున్న నుంచి పది వేలకు మార్చుకుంటే ఆ బాధ ఉండదు. ఒక్క పంక్తి పని.